చలికి బిగుసుకునే రెండో గేరు: ఆయిలు మార్చాలా, అలాగే వదిలేయాలా?

తొలిమలుపు:
నాది మాన్యువల్ గేర్ల కారు, ఇంజను బలం ముందు చక్రాలకు వెళుతుంది. చలి సున్నా డిగ్రీలకు దగ్గరపడిన రోజుల్లో, రాత్రంతా ఆరుబయట ఉన్న బండిని ఉదయం తీసినప్పుడు, మొదటి గేరు నుంచి రెండో గేరుకు రాడ్డు లాగితే మధ్యలో ఏదో అడ్డుపడినట్టు ఆగిపోతోంది. కాసేపు అలాగే ఒత్తిపట్టి ఉంచితే గాని లోపలికి జారడం లేదు. బండి కొంత దూరం నడిచాక ఆ బిగువు జాడ కూడా ఉండదు. కారుతో ఇచ్చిన పుస్తకంలో గేరుబాక్సుకు 75డబ్ల్యూ-80 (చిక్కదనం గుర్తు), జీఎల్-4 (అందులో కలిపే రసాయనాల రకం) ఆయిలు వాడాలని ఉంది గాని, దాన్ని ఎప్పుడు మార్చాలో ఎక్కడా లేదు. ఒక మెకానిక్ వెంటనే మార్పించమంటున్నారు, మరొకరు దాని జోలికే పోవద్దంటున్నారు. ఏది సబబో కారణాలతో సహా చెప్పగలరు.

ఇరుసు:
జోలికి పోవద్దన్న వారి మాటే సరైనదని నా అభిప్రాయం. మీరు చెప్పినది జబ్బు లక్షణం కాదు, సింక్రోనైజర్ పనిచేసే తీరే అంత. గేరు మారేటప్పుడు ఇత్తడి రింగు ఎదురుగా ఉన్న ఉక్కు కోను మీద ఒరుసుకుని, వేర్వేరు వేగాలతో తిరుగుతున్న భాగాలను ఒకే వేగానికి తెస్తుంది. ఆ ఒరిపిడి పుట్టాలంటే రెండింటి మధ్యనున్న ఆయిలు పొర ముందుగా తొలగిపోవాలి. రింగు లోపలి సన్నటి గాళ్లు ఆ పొరను కోసి పక్కకు నెడతాయి. చలికి ఆముదంలా చిక్కబడిన ఆయిలు అంత త్వరగా తప్పుకోదు కాబట్టి రింగు పట్టు దొరకక జారుతుంది, వేగాలు కలిసేదాకా రాడ్డు లోపలికి వెళ్లదు.

రెండో గేరే ఎక్కువగా మొండికేయడానికి కూడా లెక్క ఉంది. మొదటి గేరు నిష్పత్తి, అంటే గేరుబాక్సు నుంచి బయటికి వెళ్లే షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి లోపలికి వచ్చే షాఫ్టు తిరగవలసిన చుట్లు 3.5, రెండోది 2 అనుకుందాం. ఇంజను నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతున్నప్పుడు గేరు మారిస్తే, గేరుబాక్సులోకి వచ్చే షాఫ్టును ఆ రింగు సుమారు 1,700 చుట్లకు దించాలి. నాలుగు నుంచి ఐదుకు వెళ్లేటప్పుడు దించవలసిన వేగం ఇందులో సగం కూడా ఉండదు. కాబట్టి బండి వేడెక్కేదాకా తక్కువ చుట్ల దగ్గరే గేరు మార్చండి, న్యూట్రల్‌లో ఒక్క క్షణం ఆగి రాడ్డును ఒకే ఒత్తిడితో నెట్టండి. ఇంజను ఆయిలులా గేరుబాక్సు ఆయిలు మంట సెగకూ మసికీ గురికాదు, అందుకే తయారీదారు మార్చే గడువు పెట్టలేదు.

పానా:
సింక్రోనైజర్ గురించి ఇరుసు గారు చెప్పినదంతా ఒప్పుకుంటాను గాని, దాని నుంచి వారు తీసిన ముగింపును ఒప్పుకోలేను. మసి చేరదన్నది నిజమే, కానీ గేరు పళ్ల నుంచి ఉక్కు రజను, రింగుల నుంచి ఇత్తడి పొడి ఆ ఆయిలులోకే రాలుతాయి, వాటిని వడకట్టడానికి చాలా గేరుబాక్సుల్లో ఫిల్టరు ఉండదు. డ్రెయిన్ ప్లగ్గుకున్న అయస్కాంతం మీద నల్లటి మెత్తటి ముద్ద పేరుకోవడం బాక్సు విప్పే ప్రతి ఒక్కరూ చూసేదే. ఇత్తడిని ఆ అయస్కాంతం పట్టదు కాబట్టి అది ఆయిలులోనే తిరుగుతుంటుంది. పైగా బాక్సు వేడెక్కి చల్లారినప్పుడల్లా గాలిరంధ్రం గుండా తేమ లోపలికి చేరుతుంది. గడువు రాయలేదంటే గడువు లేదని అర్థం చేసుకోవడం పొరపాటు.

ఇరుసు:
అలాగే అనుకుందాం. అయితే పాతబడిన ఆయిలులో చిక్కదనాన్ని నిలిపే పాలిమర్లు గేరు పళ్ల మధ్య నలిగి తెగిపోతాయి, దానితో ఆయిలు పలచబడుతుంది. పలచబడితే చలిలో గేరు మరింత సులువుగా పడాలి కదా? పాత ఆయిలే బిగువుకు కారణమన్న మీ వాదన ఇక్కడ నిలవడం లేదు.

పానా:
మంచి ప్రశ్న. పలచబడటం ఒక్కటే జరిగితే మీరన్నట్టే అయ్యేది. కానీ రింగు ఒరిపిడిని అదుపులో ఉంచే రసాయనాలు కూడా ఆ ఆయిలులో ఉంటాయి, అవి కాలంతో తరిగిపోతాయి. అరిగిన రజను రింగు గాళ్లలో కూరుకుపోతే పొరను కోసే అంచు మొద్దుబారుతుంది. ఇది మొదట బయటపడేది చలిలోనే, ఎందుకంటే వేడి మీద పలచని ఆయిలును మొద్దు అంచు కూడా నెట్టివేయగలదు. అయితే గాళ్లు పూర్తిగా అరిగి చదునైపోయిన రింగును ఏ కొత్త ఆయిలూ బాగుచేయదు. వేడెక్కాక కూడా గేరు కరకరమంటే దాని దారి వేరు.

పాతపెడలు:
ఇద్దరూ నేరుగా బాక్సులోకి దిగిపోయారు, ముందు బయట చూడవలసినవి ఉన్నాయి. చల్లటి బండిలో ఇంజను ఆపి ఉంచి, క్లచ్ నొక్కి గేర్లన్నీ వేసి చూడండి. అప్పుడు కూడా రాడ్డు బిగువుగా ఉంటే తప్పు గేరు కేబుళ్లలోనో, కీళ్ల దగ్గర గట్టిపడిన గ్రీజులోనో ఉంటుంది. కేబులు తొడుగులోకి నీరు దిగితే సున్నా కంటే దిగువన గడ్డకడుతుంది కూడా. తర్వాత ఇంజను నడుస్తుండగా నిలబడిన చోటనే మొదటి గేరు, రివర్సు వేయండి. ఇప్పుడు మాత్రమే ఇబ్బంది వస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదన్నమాట. ఆయిలు మార్చినా క్లచ్ బాగుపడదు.

తొలిమలుపు:
ఈ ఉదయమే చూశాను. ఇంజను ఆపి ఉన్నప్పుడు గేర్లన్నీ హాయిగా పడ్డాయి. ఇంజను నడుస్తున్నప్పుడు నిలబడి వేసినా ఇబ్బంది లేదు, రివర్సు కూడా చప్పుడు చేయలేదు. కదులుతూ రెండోకి మార్చినప్పుడే ఆ మొండితనం. ఆయిలు మారుద్దామన్న మెకానిక్ తన దగ్గర 75డబ్ల్యూ-90, జీఎల్-5 సింథటిక్ ఉందని, అది జీఎల్-4 కంటే పై తరగతిదని అంటున్నారు. పోయించవచ్చా?

పానా:
పోయించవద్దు. జీఎల్ పక్కనున్న ఆ అంకెను తరగతిగా చూడకండి. జీఎల్-5 హైపాయిడ్ గేర్ల కోసం, అంటే పళ్లు ఒకదాని మీద ఒకటి విపరీతమైన ఒత్తిడితో జారే డిఫరెన్షియల్ (చక్రాలకు బలం పంచే భాగం) వంటి చోట్ల కోసం ఏర్పరచినది. అందుకని గంధకం, భాస్వరం కలిసిన రసాయనాలు అందులో ఎక్కువ పాళ్లలో ఉంటాయి. చురుకైన గంధకం వేడి మీద ఇత్తడిని, కంచును తింటుంది.

ఇరుసు:
ఇక్కడ పానా గారిదీ నాదీ ఒకటే మాట, అయితే కారణం విషయంలో చిన్న తేడా ఉంది. నేటి జీఎల్-5 ఆయిళ్లన్నీ ఇత్తడిని తినేస్తాయనడం అతిశయోక్తి. కొన్ని గేరుబాక్సులకు వాటినే తయారీదారులు సూచిస్తారు కూడా. మీ బాక్సుకు నష్టం వేరే దారిలో వస్తుంది. పళ్లను కాపాడే జారుడు గుణం రింగుకు గిట్టదు, దానికి కావలసింది ఒరిపిడి. మాలిబ్డినం డైసల్ఫైడ్ అనే జారుడు పదార్థం కలిపిన సీసాలు అమ్మేవారి మాట వినకూడదన్నది కూడా ఇందుకే.

ఇక 75డబ్ల్యూ సంగతి. గేరు ఆయిళ్ల చిక్కదనాన్ని నిర్ణయించే ఎస్‌ఏఈ జే306 ప్రమాణం ప్రకారం 75డబ్ల్యూ ఆయిలు −40 డిగ్రీల సెల్సియస్ దగ్గర 1,50,000 సెంటీపాయిజ్ చిక్కదనం దాటకూడదు. 80డబ్ల్యూకు ఆ హద్దు −26 దగ్గర, 85డబ్ల్యూకు −12 దగ్గర ఉంటుంది. గది ఉష్ణోగ్రతలో నీటి చిక్కదనం ఇంచుమించు 1 సెంటీపాయిజ్ అని గుర్తుంచుకుంటే ఆ హద్దు ఎంత పెద్దదో తెలుస్తుంది. రెండు డబ్బాల మీదా 75డబ్ల్యూ ఉన్నంత మాత్రాన సున్నా డిగ్రీల దగ్గర రెండూ ఒకేలా పారతాయని కాదు. వెనక ఉన్న 90, 80 అంకెలు వేడి మీద చిక్కదనానివి; 90 రకం వేడి మీద కూడా 80 కంటే చిక్కనిది, మీ ఉదయపు ఇబ్బంది దానితో పెరగవచ్చు.

తొలిమలుపు:
మరి ఇంకా పలచనిది పోస్తే? ఆటోమేటిక్ గేరుబాక్సు ద్రవం పోస్తే వెన్నలా పడతాయని విన్నాను.

ఇరుసు:
కొన్ని మాన్యువల్ బాక్సులకు తయారీదారే ఆ ద్రవాన్ని సూచించిన మాట వాస్తవం. 1959లో వచ్చిన మినీ అనే చిన్న కారులోనైతే ఇంజనుకూ గేరుబాక్సుకూ కలిపి ఒకటే ఆయిలు. కానీ ఆ బాక్సుల బేరింగులు, పళ్ల వెడల్పులు దానికి తగ్గట్టే చేసినవి. ఎక్కువ చిక్కదనానికి చేసిన బాక్సులో పలచనిది పోస్తే చలిలో సుఖంగానే ఉంటుంది, ఎండాకాలంలో నిండు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు పళ్ల మధ్య పొర పలచబడి అరుగుదల మొదలవుతుంది.

పానా:
అది కూడా సరే. అయితే నా సలహా ఒక్కటే: పుస్తకంలో రాసిన 75డబ్ల్యూ-80, జీఎల్-4నే కొత్తగా పోయించండి. బండిని నున్నటి చదును నేల మీద ఉంచి, ముందుగా పై ప్లగ్గు, అంటే ఆయిలు పోసే ప్లగ్గు ఊడుతుందో లేదో చూశాకే కిందిది విప్పమనండి. పైది తుప్పు పట్టి ఊడి రాకపోతే, కిందిది విప్పేసిన బాక్సులో ఆయిలు పోసే దారి ఉండదు. చాలా బాక్సుల్లో పై రంధ్రం అంచుకు తాకేంత వరకూ పోస్తే చాలు. ఎక్కువైతే నురగ కట్టి సీళ్ల గుండా కారుతుంది.

ఇరుసు:
ఆ ఆయిలే, ఆ కొలతే అయితే నాకు అభ్యంతరం లేదు. అయినా అరవై వేల కిలోమీటర్లకొకసారి అందరూ మార్చాలన్న నియమంగా దీన్ని చెప్పకండి. ఉదయం రెండో గేరు ఒక్క క్షణం ఆగినంత మాత్రాన దేనినీ విప్పనవసరం లేదన్న నా మాట అలాగే ఉంది.

పానా:
నేను నియమం చెప్పలేదు. బయటకు వచ్చిన ఆయిలులో ఇత్తడి మెరుపు ఎంత ఉందో చూసి, తర్వాతి గడువు తొలిమలుపు గారే నిర్ణయించుకోవచ్చు.