రాత్రిపూట నల్గొండ–దేవరకొండ రోడ్డు: ఎదురు లైట్లు, వడ్ల కుప్పలు, ఓవర్‌టేక్. కారు ఎట్ల నడపాలె?

స్టెప్నీ అడిగిన ప్రశ్న:
వారంల మూడు నాలుగు రోజులు నల్గొండ నుంచి దేవరకొండ దిక్కు పోయి, రాత్రి 9 దాటినంక తిరిగొచ్చుడు ఉంటది. బండి చిన్న కారు, హాలోజన్ లైట్లు, ఏబీఎస్ (గట్టిగ బ్రేకు కొట్టినా చక్రాలు లాక్ కాకుండ చూసేది) ఉంది. మూడు డౌట్లు. ఎదురొచ్చేటోళ్ళు హై బీమ్ దించకపోతే రెండు మూడు సెకన్లు ఏం కనపడతలేదు, ఎల్‌ఈడీ బల్బులు ఏపిస్తే ఫాయిదా ఉంటదా? కోతల టైంల రోడ్డు మీద కుప్పలు పోస్తరు, దగ్గరికి పోయేదాక తెల్వదు. మూడోది, రెండు లైన్ల రోడ్డు మీద లారీని దాటాల్నంటే ఎంత జాగ ఖాళీ ఉండాలె?

బత్తాయి జవాబు:
ముందుగాల లెక్క చూడు అన్నా, బల్బుల సంగతి తర్వాత. డిమ్ లైట్ల రోడ్డు తేటగ కనపడేది ఇంచుమించు 50 మీటర్లు. 80 స్పీడుల బండి సెకనుకు 22 మీటర్లు పోతది. ముందట ఏదో నల్లగ ఉన్నదని చూసి, అదేందో సమజై, కాలు బ్రేకు మీద పడేసరికి రాత్రిపూట సెకనున్నర అనుకో, 33 మీటర్లు అక్కడ్నే ఐపాయె. పొడి తారు మీద గట్టిగ తొక్కితే ఆగేటందుకు ఇంకో 35. మొత్తం 68. కనపడేదేమో 50. అదే 60 స్పీడుల ఐతే 25, 20 కలిపి 45 మీటర్లల్ల ఆగుతది. అంటే డిమ్‌ల నడుపుతున్నంత సేపు 60 దాటితే, కనపడ్డంక బండి ఆగకముందే గుద్దుతున్నట్టే లెక్క. రోడ్డు ఖాళీగ ఉంటే హై బీమ్ ఎయ్యి, ఎదురుంగ బండి కనపడంగనే దించు, దించినప్పుడే స్పీడు గూడ దించు. ఆ రెండోదే మస్తు మంది మర్చిపోతరు.

కుప్పల కాడికొస్తే, యాసంగి పంటకు ఏప్రిల్–మే, వానాకాలం పంటకు నవంబర్–డిసెంబర్. కుప్ప మీద కప్పే పరదా నల్లదో నీలిదో ఉంటది, లైటు దాని మీద పడ్డా తిరిగి రాదు. దానికన్న పాడు పని చుట్టూ పేర్చే రాళ్ళు. వడ్లు ఎత్తుకపోయినంక గూడ రాళ్ళు అక్కడ్నే ఉంటయి, అండ్ల ఒకటి చక్రం కింద పడ్డదంటే టైరు పక్క గోడ చీరుతది. పరిచిన వడ్ల మీద టైరుకు పట్టు దొరకదు, గింజలు గోలీల లెక్క దొర్లుతయి. ఎడమ చక్రాలు వడ్ల మీద, కుడి చక్రాలు తారు మీద ఉన్నప్పుడు గట్టిగ బ్రేకు కొడితే బండి కుడికి, అంటే ఎదురొచ్చే బండ్ల దిక్కు గుంజుతది. ఏబీఎస్ దాన్ని తగ్గిస్తది గాని మొత్తం ఆపది. వడ్లు ఎక్కకముందే స్లో చెయ్యాలె, ఎక్కినంక స్టీరింగు సీదా పట్టుకొని యాక్సిలరేటర్ ఇడిచిపెట్టుడే.

ముందట పోయే బండి ఎనుక లైట్లను చూస్తుండు. బ్రేకు లైటు పడి, అది కొంచెం కుడికి జరిగిందంటే అక్కడ ఏదో ఉన్నట్టు. అట్లని దాని తోకకు అతుక్కోవద్దు, మూడు సెకన్ల ఎడం ఉంచు. అది ఏదన్న కరెంటు స్తంభం దాటంగనే లెక్క షురూ చెయ్యి, మూడు లెక్కపెట్టినంకనే నువ్వు ఆ స్తంభం కాడికి రావాలె.

ఎదురు లైటు కొట్టినప్పుడు దాని దిక్కు చూడొద్దు. రోడ్డు ఎడమ అంచున ఉన్న తెల్ల గీత పట్టుకొని పోవాలె. ఇంకోటి, అద్దం లోపలి దిక్కు గూడ తుడువు. డాష్‌బోర్డు ఎండకు కాగి సన్నటి జిడ్డు పొర కడుతది, పగలు కనపడది, రాత్రి లైటు పడితే అద్దమంతా తెల్లగైతది.

హెడ్‌లైట్ జవాబు:
హాలోజన్ డూమ్‌లో, అంటే బల్బు కూర్చునే హెడ్‌లైట్ గిన్నెలో, ఎల్‌ఈడీ బల్బు వేయించకండి. ఆ డూమ్ లోపలి అద్దం వంపును సన్నటి ఫిలమెంట్ ఉండే చోటుకు సరిపోయేలా చేస్తారు. ఎల్‌ఈడీ చిప్‌లు ఆ చోట, ఆ ఆకారంలో ఉండవు కాబట్టి వెలుతురు చెదిరిపోతుంది. కారు ముందు పది మీటర్లు పట్టపగలులా ఉంటుంది, అది చూసి మనకు బాగుందనిపిస్తుంది, కానీ దూరాన కనపడేది తగ్గుతుంది. పైగా మీరు ఏ లైట్ల గురించి ఇక్కడ బాధపడుతున్నారో, ఎదుటివాళ్ళకు అదే మీరవుతారు. డూమ్ పసుపు పచ్చగా మసకబారి ఉంటే పాలిష్ చేయించండి, కొత్త బల్బులు రెండూ జతగా మార్చండి. చాలావరకు తేడా అక్కడే తెలుస్తుంది.

స్టీరింగుకు కుడి పక్కన 0, 1, 2, 3 అంకెల చిన్న చక్రం ఉందేమో చూడండి. వెనుక మనుషులు, డిక్కీలో సామాను ఉంటే కారు ముక్కు పైకి లేచి, డిమ్ లైటు కూడా ఎదుటివాడి కళ్ళలోకి పోతుంది. ఆ చక్రం తిప్పితే లైటు కిందికి దిగుతుంది.

గేరుమార్చు జవాబు:
ఓవర్‌టేక్ లెక్క నేను చెప్త. లారీ 50ల పోతుంది, నువ్వు 70ల దాటుతున్నవ్. తేడా 20, అంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. లారీ ఎనుక 20 మీటర్లు, లారీ పొడవు 10, ముందట మళ్ళ లైన్లకు దూరేటందుకు 20, నీ బండి 4. ఇవన్నీ కలిపి దాటాల్నంటే 10 సెకన్లు పడుతది. ఆ 10 సెకన్లల్ల నువ్వు 195 మీటర్లు పోతవ్, ఎదురుంగ 80ల వచ్చేటోడు 220 పోతడు. అంటే 400 మీటర్ల కన్న ఎక్కువ ఖాళీ కావాలె. రాత్రిపూట ఎదురొచ్చే లైటు ఎంత దూరం ఉన్నదో, ఎంత స్పీడుల వస్తుందో కన్ను చెప్పలేదు. ఒక్కటే లైటు కనపడితే బైకు అనుకోకు, ఒక లైటు పోయిన ట్రాక్టరో డీసీఎమ్మో గావొచ్చు.

లారీ డ్రైవర్ కుడి ఇండికేటర్ ఏస్తే "దాటిపో" అన్నట్టా, "నేను కుడికి తిరుగుతున్న" అన్నట్టా? రెండింటికీ అదే ఏస్తరు. దాన్ని నమ్మి బండి మూతి బయటపెట్టొద్దు. పత్తి టైంల ట్రాలీ బోరాలు రెండు దిక్కులా ఉబ్బి ఉంటయి, ఎనుక లైట్లు గూడ వాటి కిందనే మాయమైతయి.

స్టెప్నీ:
అందరికీ థ్యాంక్స్. ఎండలు ముదిరినయి గద, టైర్ల గాలి రెండు మూడు పాయింట్లు తగ్గించమంటున్నరు పంక్చర్ షాపుల. కరెక్టేనా?

గేరుమార్చు:
ఉల్టా. గాలి తక్కువైతే టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువ మడత పడి, ఎక్కువ కాగుతది. ఎండకాలం హైవే మీద పేలేవాట్లల్ల ఇసొంటియి మస్తుంటయి. డ్రైవర్ డోర్ తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటది, అండ్ల 33 అని ఉంటే పొద్దుగాల బండి నడవకముందు 33 కొట్టియ్యి. నడిచినంక అదే 36, 37 చూపిస్తది, అప్పుడు తియ్యొద్దు. టైరు పక్కన డాట్ (DOT) అనే గుర్తు ఎంబడి ఆఖరి నాలుగు అంకెలు చూడు: 2319 అంటే 2019ల 23వ వారం తయారైంది. గాడులల్ల అడ్డంగ చిన్న మిట్టలు ఉంటయి, టైరు అరిగి వాటికి సమానమైందంటే గాడి 1.6 మిల్లీమీటర్లే మిగిలింది, మార్చాల్సిందే.

ఒకవేళ పేలితే బ్రేకు మీద కాలు పెట్టకు. స్టీరింగు రెండు చేతుల్ల గట్టిగ పట్టుకొని యాక్సిలరేటర్ ఇడువు, స్పీడు దానంతల అదే పడ్డంక ఎడమకు జరుగు.

సాగర్‌రోడ్డు జవాబు:
ఒక మాట. 65వ నంబర్ (హైదరాబాద్–విజయవాడ) హైవే మీద, నార్కట్‌పల్లి దగ్గరైనా నకిరేకల్ దగ్గరైనా, లెక్కలు వేరు. డివైడర్ గ్యాపుల దగ్గర యూటర్న్ కోసం నిలబడే లారీ తోక కుడి లైన్లో ఉంటుంది, ఊళ్ళ స్టేజీల దగ్గర ఎడమ లైన్లో ఆటోలు ఆగుతాయి, లైటు లేకుండా రాంగ్ రూట్ బైకులు అదే ఎడమ అంచున వస్తాయి. ఏ లైన్ క్షేమమంటే, ఊరు దాటేదాకా ఏదీ కాదు. అక్కడ 60కి దించేయండి. బండి ఆగిపోతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి. మనుషుల్ని రెయిలింగ్ అవతలికి పంపాకే ట్రయాంగిల్ పెట్టండి, అదీ కనీసం 50 పెద్ద అంగలు వెనక్కి నడిచి. వానలో నడుస్తూ నాలుగు ఇండికేటర్లూ వేయకండి, మీరు ఆగారో పోతున్నారో వెనుకవాడికి తెలియదు, లైన్ మారినా కనపడదు.

స్టెప్నీ:
చక్రం దొరికింది, 0 మీద ఉంది. సరిగ్గ ఉన్నదో లేదో ఇంటి కాడ చూసుకోవచ్చా?

హెడ్‌లైట్:
చూసుకోవచ్చు. టైర్ల గాలి సరిచేసి, చదునైన చోట గోడకు ఎదురుగా 10 మీటర్ల దూరంలో ఆపండి, డ్రైవర్ సీట్లో ఒకరు కూర్చోవాలి, చక్రం 0 మీద ఉండాలి. నేల నుంచి డూమ్ నడుమ వరకు ఎత్తు కొలిచి, గోడ మీద అదే ఎత్తున సుద్దతో గీయండి. డిమ్ లైటు పై అంచు ఆ గీతకు సుమారు 10 సెంటీమీటర్లు, అంటే బెత్తెడు కన్నా కాస్త ఎక్కువ, కింద పడాలి. పైన పడితే డూమ్ వెనుక ఉండే స్క్రూతో దించుకోవచ్చు. చాలా కార్లకు రెండు స్క్రూలు ఉంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకొకటి పక్కలకు. పక్కలకు తిప్పేదాన్ని ముట్టుకోకండి.