కొబ్బరి తోటలోంచి గ్యాస్ పైపులైన్: ముందు ఏం చూసుకోవాలి?

లంకరైతు:
కోనసీమలో మా ఊరి తోటల మీదుగా గ్యాస్ లైన్‌కి నోటిఫికేషన్ ఇచ్చారండి. పరిహారం, ప్రమాదం, నీళ్లు... ఏది ముందు చూసుకోవాలి?

కాలువగట్టు:
గడువు చూడండి ముందు. 1962 పైపులైన్ల చట్టం ప్రకారం నోటిఫికేషన్ తేదీ నుంచి 21 రోజుల్లోపు అభ్యంతరం రాసివ్వాలి. భూమి మీ పేరునే ఉంటుంది, వాళ్లకు దక్కేది వాడుకునే హక్కు. దానికి మార్కెట్ విలువలో 10 శాతం, కొట్టేసిన చెట్లకూ పంటకూ వేరే. అసలు దెబ్బ ఎక్కడంటే, లైను వెళ్లే ఆ పట్టీలో మళ్లీ చెట్టు నాటకూడదు, బావీ చెరువూ తవ్వకూడదు. వరి రైతు తట్టుకుంటాడు గానీ కొబ్బరికది శాశ్వత నష్టం. చెట్ల వయసు, కాపు రాయించాకే పంచనామాలో సంతకం పెట్టండి. మొత్తం చాలకపోతే జిల్లా జడ్జి దగ్గరికి వెళ్లొచ్చు.

గౌతమిపాయ:
2014 జూన్ 27న మన కోనసీమలోనే నగరం అనే ఊళ్లో గ్యాస్ లైను పేలింది. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పంపారు. నీరు, కార్బన్ డయాక్సైడ్ కలిస్తే ఆమ్లమై ఉక్కును లోపల్నుంచి తినేస్తుంది. అందుకే గ్యాస్‌లో తేమ ఎక్కడ తీస్తారో, గొట్టం లోపల శుభ్రం చేసే పిగ్గింగ్ ఎన్నాళ్లకోసారో రాతపూర్వకంగా అడగండి. వాసన లేదని ధీమా వద్దు, సహజ వాయువుకు సొంత వాసన ఉండదు. బోదెలో బుడగలు, ఒకేచోట గడ్డి పసుపెక్కడం, బుస్సుమనే శబ్దం కనిపెట్టండి. అనుమానమొస్తే మోటారు స్విచ్ వేయొద్దు, ఆపొద్దు కూడా. గాలివాలు తప్పించుకుని దూరం వెళ్లాకే 101కి ఫోన్.

ఉప్పుటేరు:
దగ్గర్లో గ్యాస్ బావి డ్రిల్లింగ్ కూడా ఉంటే, పని మొదలవక ముందే బోరు నీళ్లు, మట్టి పరీక్ష చేయించండి. డెల్టాలో ఉప్పు ముందే ఉంటుంది కాబట్టి పాత రిపోర్టు లేకుంటే, డ్రిల్లింగ్ మడ్డి పోసే గుంటల వల్లే ఉప్పు పెరిగిందని నిరూపించలేరు.