పరిశోధనతో కూడిన ఆనర్స్‌కు 75 శాతం నిబంధన: రాజనీతిశాస్త్ర విద్యార్థులకు న్యాయమేనా?

చర్చ ప్రారంభం: పర్లాకిమిడి నుంచి, ఒక విద్యార్థిని అన్న

మా చెల్లెలు పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఒడిశాలోని గజపతి జిల్లాలో ఒక కళాశాలలో రాజనీతిశాస్త్రంలో మూడేళ్లు పూర్తి చేసింది. ఆరు సెమిస్టర్లలో ఆమెకు వరుసగా 66, 69, 74, 78, 80, 81 శాతం మార్కులు వచ్చాయి, సగటు 74.67. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం నాలుగో ఏడు కూడా చదివి 160 క్రెడిట్లు (పూర్తి చేసిన పేపర్లకు లెక్కగట్టే పాయింట్లు) సంపాదిస్తే ఆనర్స్ వస్తుంది. అయితే ఆ ఏడాది 12 క్రెడిట్ల పరిశోధన వ్యాసం రాసి ‘పరిశోధనతో కూడిన ఆనర్స్’ పొందాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం ఉండి తీరాలి. తొలి ఏడాది మార్కులు తగ్గింది ఆమెకు విషయం తెలియక కాదు, ఇంగ్లీషులో జవాబు రాయడం అప్పుడే నేర్చుకుంటున్నందువల్ల. ఏటికేడు ఎదిగిన విద్యార్థిని సగటు లెక్క వెనక్కి లాగడం నాకు అన్యాయంగా తోస్తోంది.

సమాధానం: బరంపురం నుంచి, విశ్రాంత అధ్యాపకుడు

బాబూ, మీ బాధ అర్థమైంది. అయినా నేను నిబంధన వైపే నిలబడతాను. పరిశోధన వ్యాసం అంటే సమాచారం పోగుచేయడం కాదు. ప్రశ్నను సరిగా వేయడం, వాదానికి ఆధారం చూపడం, ఎదుటి వాదాన్ని నిజాయితీగా ఎదుర్కోవడం. ప్రతి విద్యార్థి పక్కనా కూర్చుని చిత్తుప్రతులు దిద్దే మార్గదర్శకుడు కావాలి. అధ్యాపకులు చాలని చోట అందరినీ చేర్చుకుంటే, ఇంకెక్కడి నుంచో ఎత్తిరాసిన పుటలకు పట్టా ఇచ్చినట్టవుతుంది. ఎక్కడో ఒక గీత గీయాలి కదా.

సమాధానం: రాయగడ నుంచి, ఆఖరి సంవత్సరం విద్యార్థిని

అన్నయ్యా, నాకు 79 శాతం ఉంది. అయినా పరిశోధన వద్దనుకుని, దానికి బదులు మూడు పేపర్లు చదవబోతున్నాను. అర్హత ఉన్న నాకు ఆసక్తి లేదు, ఆసక్తి ఉన్న మీ చెల్లెలికి అర్హత లేదు.

చర్చ ప్రారంభించిన వారి సమాధానం

మాస్టారూ, మార్గదర్శకుల కొరత గురించి మీరన్నది కాదనలేను. అయితే కొరత సీట్ల సంఖ్యను నిర్ణయించాలి గాని, ఎవరు తగినవారో తేల్చకూడదు. ఉన్న అధ్యాపకులను బట్టి సీట్లు లెక్కగట్టి, 70 శాతం దాటిన వారందరి చేత పరిశోధన ప్రతిపాదన రాయించి, మౌఖిక పరీక్ష పెట్టి ఎంచుకోవచ్చు. మీరు చెప్పిన ప్రశ్న వేసే నేర్పు అక్కడే బయటపడుతుంది.

మా చెల్లెలు అడుగుతున్న ప్రశ్న ఇది: ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1 నాటికి పర్లాకిమిడి జమీందారీ రెండుగా చీలి, కొంత ఇటు, కొంత మద్రాసు వైపు పోయినప్పుడు, ఇక్కడ మిగిలిన తెలుగువారు తమ పిల్లల చదువు గురించి ప్రభుత్వాన్ని ఏమని అడిగారు? 1956లో రాజ్యాంగంలో చేరిన 350-ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధన కల్పించే ప్రయత్నం చేయమంటుంది. ఆ తరువాత ఆ అడిగే తీరు మారిందా? దీనికి పాత తెలుగు అర్జీలు చదవగలగాలి, ఒడియాలో పెద్దలతో మాట్లాడగలగాలి, ఇంగ్లీషులో వ్యాసం రాయగలగాలి. మొదటి రెండూ ఆమెకు చిన్ననాటి నుంచే వచ్చు, మూడోది వచ్చిందని చివరి మూడు సెమిస్టర్లే చెబుతున్నాయి. ఈ ప్రతిపాదన మీ ముందుకే వచ్చి ఉంటే, మాస్టారూ, 0.33 శాతం తక్కువైందని తిప్పి పంపేవారా?