అనంతపురం: పక్షవాతం తర్వాత అమ్మకు మాట రావడం లేదు, పెద్దవాళ్లకు చేసే స్పీచ్ థెరపిస్టు ఎవరైనా తెలుసా?

నమస్తే అండి. సంక్రాంతి ముందు అమ్మకు పక్షవాతం వచ్చింది. మెదడులో ఎడమ వైపు దెబ్బతిని కుడి చెయ్యి, కాలు పడిపోయాయి, మాటా పోయింది. ఫిజియోథెరపీతో ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. మాట దగ్గరే ఆగిపోయాం.

డాక్టరు దీన్ని అఫేసియా అన్నారు. మనం చెప్పేది చాలావరకు అర్థమవుతుంది, తను అనుకున్న మాటే నోటికి రాదు. నీళ్లు కావాలంటే చెంబు చూపించి "అది... అది..." అంటుంది, ఒక్కోసారి "ఉప్పు" అంటుంది, కాదని తల కొట్టుకుంటుంది. అదే నేను ఒకటి, రెండు అని మొదలుపెడితే పది దాకా గడగడా చెప్పేస్తుంది. భజన పాట అందుకున్నా పదాలు వస్తాయి. ఈ జబ్బులో ఇలా ఉండడం మామూలేనట, అయినా నాకు ఆశ పుడుతుంది. బంధువులేమో మతి పోయిందని ఆమె ముందే అంటున్నారు. ఆమెకు అన్నీ తెలుస్తున్నాయి, అదే బాధ.

ఇక్కడ మేము అడిగినవాళ్లు పిల్లలకే చేస్తామన్నారు. ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉండి, పెద్దవాళ్లకు తెలుగులో చేయించేవాళ్లు అనంతపురంలో గానీ కర్నూలులో గానీ ఉన్నారా? మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు మన వైపు నుంచి వెళ్లినవాళ్లుంటే చెప్పండి. అమ్మకు తెలుగు తప్ప రాదు, అక్కడ భాషతో ఇబ్బంది అయిందా?

ఇంకొకటి, నీళ్లు తాగితే పొలమారుతోంది. మింగడం కూడా స్పీచ్ థెరపిస్టులే చూస్తారట. ప్రస్తుతం నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో కొద్దికొద్దిగా ఇస్తున్నాం. ఈలోపు ముందు ఏ డాక్టరుకు చూపించాలి?