సమస్యాపూరణం: పొయ్యి వెలగకుండ పూట గడిచె

నిర్వాహకులు: ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం: ‘పొయ్యి వెలగకుండ పూట గడిచె’. పొయ్యి వెలగలేదంటే ఆ ఇంట పస్తు. పస్తు రాకుండా పూరించాలి. వస్తువు: ఇంగ్లండ్ ఇళ్లలో మామూలు రాత్రి భోజనం, ఒకే ట్రేలో ఓవెన్‌లో కాల్చిన బంగాళాదుంపలు, సాసేజ్‌లు.

లీడ్స్ సభ్యురాలు:

గడ్డ కోసి యుప్పు కారమ్ము దట్టించి
సాసిజులను జేర్చి సందు లుంచి
ఓవెనందు బెట్టి యూరకే కూర్చుంటి
పొయ్యి వెలగకుండ పూట గడిచె

తెనాలి మాస్టారు: ధార బాగుందమ్మా. ‘ఊరకే కూర్చుంటి’ అనడంతోనే చిక్కు విడిపోయింది. ‘సందు లుంచి’ మాత్రం యతి కోసం తెచ్చిపెట్టిన మాటలా ఉంది.

లీడ్స్ సభ్యురాలు: కాదు మాస్టారూ, వంటకు అదే ప్రాణం. ముక్కలు ఇరుకుగా పడితే వాటి తడి ఆవిరై అక్కడే తిరుగుతుంది. దుంప ఉడుకుతుంది గానీ వేగదు. విడివిడిగా పరిస్తే సాసేజ్ నుంచి కారే కొవ్వు అంటుకుని అంచులు కరకరలాడతాయి. నూనె కొంచెం చాలు.

తెనాలి మాస్టారు: అయితే ఆ మాట కదపొద్దు.

మాంచెస్టర్ సభ్యుడు:

మంచు కురియు రాత్రి మాంచెస్టరందున
నలసి వచ్చినట్టి యాలుమగలు
ట్రేను లోన నెట్టి తీరిగ్గ మాటాడ
పొయ్యి వెలగకుండ పూట గడిచె

తెనాలి మాస్టారు: బాబూ, మొదటి పాదంలో ఊరి పేరు గణాల్లో ఎంత హాయిగా ఒదిగిందో! మూడో పాదంలో ట్రే–తీ యతి చెల్లదు, ట, త వేర్వేరు వర్గాలు. అంతకన్నా పెద్ద లోటు, ట్రేలో ఏముందో పద్యం చెప్పలేదు. ఆ జంట చేపలు కాల్చుకున్నా ఇదే పద్యం సరిపోతుంది. ‘దుంప సాసిజులను దోరగా గాల్చగ’ అంటే రెండూ తీరతాయి.

మాంచెస్టర్ సభ్యుడు: మార్చేశాను మాస్టారూ. తీరిగ్గా మాట్లాడుకోవడం పోయిందనే కాస్త బాధ.

లీడ్స్ సభ్యురాలు: రెండూ ఒకేసారి పెడితే దోరగా రావండి. 200 డిగ్రీల సెల్సియస్‌లో అంగుళం దుంప ముక్కలకు 40 నిమిషాల పైనే పడుతుంది, సాసేజ్‌లకు అరగంట లోపే. అందుకే ఇంకొకటి:

పావుగంట ముందు బంగాళదుంపలు
పిదప సాసిజులను బెట్టి చూడ
కొవ్వు కరగి ముక్క కొసలెర్రగా వేగ
పొయ్యి వెలగకుండ పూట గడిచె

తెనాలి మాస్టారు: నాలుగు పాదాల్లోనూ యతి పొల్లుపోలేదు, వంట వరస కూడా తప్పలేదు. నా ఓటు దీనికే.