అప్‌డేట్: సి++లో ఎప్పుడూ బేస్ క్లాస్ ఫంక్షనే నడుస్తోందన్న సమస్య తీరింది

ఘాట్ బస్సుకు, ఎక్స్‌ప్రెస్‌కు వేర్వేరుగా ఛార్జీ ఫంక్షన్ రాసినా, వాటికి మూలమైన బేస్ క్లాస్ ‘బస్సు’లోని ఛార్జీనే వస్తోందని ఇంతకుముందు అడిగాను. ఇప్పుడు సరిగ్గా వస్తోంది, అందరికీ థాంక్స్.

బేస్ ఫంక్షన్‌కు వర్చువల్ (ఆబ్జెక్టు అసలు రకాన్ని బట్టి ఫంక్షన్ నడవాలని చెప్పే మాట) పెట్టమని మీలో కొందరు ఇచ్చిన సలహా కరెక్టే, కానీ అదొక్కటే చాల్లేదు. ఇక్కడ తిరుపతిలో మా సీనియర్ అన్న కోడ్ చూసి అసలు సంగతి పట్టుకున్నాడు: బస్సు రకం వెక్టర్‌లో (అంటే జాబితాలో) ఆబ్జెక్టులను నేరుగా వేస్తే ఘాట్ బస్సు లాంటి చైల్డ్ క్లాస్ భాగం తెగిపోయి, బేస్ భాగం మాత్రమే కాపీ అవుతుంది. ఆబ్జెక్ట్ స్లైసింగ్ అంటే ఇదేనట! యూనిక్ పాయింటర్ల (ఆబ్జెక్టు ఎక్కడుందో చూపించి, పని అయ్యాక దాన్ని తొలగించేవి) వెక్టర్‌గా మార్చాక తిరుమల ఘాట్ ఛార్జీ దానంతటదే వచ్చింది. అలా మార్చితే బేస్ డిస్ట్రక్టర్ (ఆబ్జెక్టును తొలగించేటప్పుడు నడిచే ఫంక్షన్) కూడా వర్చువల్‌గా ఉండాలి. చైల్డ్‌లోని ఫంక్షన్‌కు ఓవర్‌రైడ్ (బేస్ ఫంక్షన్ బదులు ఇది అని చెప్పే మాట) అని రాయండి, సి++11 నుంచి ఉంది. బేస్ ఫంక్షన్‌తో పారామీటర్లు తేడా వస్తే కంపైలరే ఆపేస్తుంది.

కంపైలర్ మార్చమని ఇంకొందరు ఇచ్చిన సలహాకూ దీనికీ సంబంధం లేదు. జావా నుంచి వచ్చేవాళ్లకే ఈ తలనొప్పి ఎక్కువ, అక్కడ మామూలు మెథడ్లు (క్లాస్‌లోని ఫంక్షన్లు) ముందే వర్చువల్ కదా.