తాతగారి ట్రస్టు భవనాన్ని పన్ను బకాయి కోసం తాకట్టు పెట్టవచ్చా?

పెద్ద మనవరాలు
మా తాతయ్య హైదరాబాద్‌లోని మూడంతస్తుల భవనాన్ని మనవళ్లు, మనవరాళ్ల కోసం ప్రైవేటు ట్రస్టుగా రిజిస్టర్ చేసి వెళ్లారు. పెదనాన్న, నాన్న ట్రస్టీలు. లబ్ధిదారులం ఐదుగురం, అందులో ఇద్దరు మైనర్లు. అద్దెలు నెలకు 70 వేలు వస్తాయి. నానమ్మ వైద్యం ట్రస్టు నుంచే జరగాలని పత్రంలో ఉంది. ఆ ఖర్చుల్లో పడి అయిదేళ్లుగా ఆస్తి పన్ను కట్టలేదు. ఏడాదికి 1.80 లక్షల చొప్పున అసలు 9 లక్షలు, వడ్డీతో కలిపి 14 లక్షలు దాటింది. భవనాన్ని బ్యాంకులో పెట్టి 40 లక్షలు తెద్దామని పెదనాన్న అంటున్నారు. పన్ను పోగా మిగిలినది రిపేర్లకట. అన్నగారి మాట కాదనలేక నాన్న సంతకానికి సిద్ధపడ్డారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. ఇది సబబేనా?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి
సబబే అమ్మా. జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగరపాలక సంస్థ) బకాయి మీద నెలకు 2 శాతం, అంటే ఏడాదికి 24 శాతం వడ్డీ పడుతుంది. ఆస్తి తాకట్టు రుణం అందులో సగానికే దొరుకుతుంది. ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీ అప్పుతో తీర్చడం తప్పెలా అవుతుంది? పన్ను కట్టకుండా కూర్చుంటే జప్తు నోటీసు వచ్చేదీ ఆ భవనానికే. తాకట్టు అనగానే ఇంటి పరువు పోయిందనుకోవద్దు.

సివిల్ లాయర్
పెద్దాయన వడ్డీ లెక్క నిజమే, కానీ అడగాల్సిన మొదటి ప్రశ్న అది కాదు. ట్రస్టీ ఆ భవనానికి యజమాని కాదు, పిల్లల తరఫున కాపలాదారు. 1882 నాటి ట్రస్టుల చట్టం 36వ సెక్షన్ ఆస్తి రక్షణకు, లబ్ధిదారుల మేలుకు తగిన పనులు చేసే అధికారం ఇస్తుంది. కానీ తాకట్టు పెట్టవచ్చని ఎక్కడా విడిగా చెప్పదు. అందుకే ముందు పత్రం తీయండి. తాకట్టు గురించి అందులో ఏముందో చూడండి. ఏమీ లేకపోతే 34వ సెక్షన్ కింద జిల్లా స్థాయి సివిల్ కోర్టును సలహా అడగవచ్చు, దావా వేయనక్కర్లేదు. అయితే అన్నదమ్ముల తగాదా తేల్చే చోటు అది కాదు, నిర్వహణలో వచ్చే మామూలు ప్రశ్నలకే పనికొస్తుంది.

పత్రంలో వేరేగా రాసి ఉంటే తప్ప ట్రస్టీలందరూ కలిసే చేయాలి. అంటే మీ నాన్నగారి సంతకం మొహమాటానికి పెట్టేది కాదు, ఆయన పెట్టకపోతే పని ఆగుతుంది. పెట్టాక నష్టం వస్తే ఆయనా జవాబు చెప్పాలి. లబ్ధిదారుల్లో మేజర్లు ముగ్గురూ ఒప్పుకున్నా మైనర్ల ఒప్పుకోలు చట్టం ముందు నిలవదు.

ట్రస్టుకు ఆదాయపు పన్ను బకాయి కూడా ఉందా? ఉంటే ఆదాయపు పన్ను చట్టం ప్రకారం అధికారి అనుమతి లేని తాకట్టు ఆ బకాయి ముందు చెల్లకుండా పోవచ్చు.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి
కోర్టుకు వెళ్తే ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలియనిది కాదు లాయర్ గారూ. ఈలోపు వడ్డీ ఆగుతుందా?

ఒంగోలు మేనత్త
వడ్డీ సంగతి సరే అన్నయ్య గారూ, 14 లక్షల బకాయికి 40 లక్షల అప్పెందుకు? ఈ మాట ఎవరూ అడగరేం? మా పుట్టింట్లోనూ ఇలాగే రిపేర్లన్నారు. సున్నం కూడా వేయలేదు. ఆడపిల్లలం అడిగితే తగువులమారివన్నారు. అమ్మాయీ, నువ్వు గట్టిగా అడుగు.

సివిల్ లాయర్
అత్తగారు అడిగిన ప్రశ్నే అసలైనది. పన్ను కట్టడం ఆస్తిని కాపాడే పని, దానికి అవసరమైనంత అప్పును ఎలాగోలా సమర్థించవచ్చు. ఆ పైన తెచ్చే 25 లక్షలకు రిపేర్ల ఎస్టిమేటు, కొటేషన్లు చూపించాలి. చూపించలేకపోతే ట్రస్టు ఆస్తిని సొంతానికి వాడుకున్నారనే ఆరోపణకు తలుపు తీసినట్టే.

నా మాట స్పష్టంగా చెబుతాను. ఈ భవనాన్ని ఇప్పుడు తాకట్టు పెట్టకూడదు. జీహెచ్‌ఎంసీ 2020లో, 2022లో, మళ్లీ 2025 మార్చిలో వన్‌టైమ్ సెటిల్‌మెంట్ ఇచ్చింది. అసలు మొత్తం, వడ్డీలో 10 శాతం ఒకేసారి కడితే మిగతా 90 శాతం వడ్డీ మాఫీ. మీ లెక్కకు అది వర్తిస్తే 14.40 లక్షలు 9.54 లక్షలకు దిగుతుంది. పథకం కొన్నాళ్లే తెరిచి ఉంటుంది, మళ్లీ ఇస్తారన్న హామీ లేదు కాబట్టి సర్కిల్ ఆఫీసులో ఇవాళే కనుక్కోండి. లేకపోయినా అసలులో కొంతైనా కట్టేస్తే ఆ మేరకు వడ్డీ తగ్గుతుంది.

డబ్బు ఎక్కడిదంటారా? చేతిలో డబ్బున్న ట్రస్టీ తన సొంత డబ్బు పెట్టవచ్చు. 32వ సెక్షన్ ప్రకారం ఆ ఖర్చుకు, దాని వడ్డీకి ట్రస్టు ఆస్తి మీద ఆయనకే మొదటి హక్కు. పిల్లల తల్లిదండ్రులు తలా కొంత వేసి అద్దెల నుంచి నెలనెలా వెనక్కి తీసుకోవచ్చు, కాగితం మాత్రం రాసుకోవాలి. బ్యాంకు దారిలో వాయిదాలు తప్పితే బ్యాంకు బాకీల వసూలు కోసం తెచ్చిన 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, ఆ తర్వాత కోర్టు మెట్లు ఎక్కకుండానే స్వాధీనం. ఆ రోజు మైనర్లకు ఎవరు జవాబు చెబుతారు?

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి
40 లక్షలు ఎక్కువేనని ఒప్పుకుంటాను. పదిహేనేళ్లకు పది శాతం వడ్డీ అనుకున్నా వాయిదా 43 వేలు, అద్దె 70 వేలు. ఒక్క షాపు ఖాళీ అయితే పన్ను, కరెంటు, నానమ్మ మందులు అన్నీ ఇరుకున పడతాయి. 10 లక్షలైతే అయిదేళ్లలో వాయిదా 21 వేలు, తట్టుకోవచ్చు. ఇంకో సంగతి, తాజా పన్ను రసీదు లేకుండా మేం ఏ ఫైలూ కదిపేవాళ్లం కాదు. తీసుకుంటే రుణం డబ్బు ట్రస్టీల ఖాతాలో పడకుండా నేరుగా జీహెచ్‌ఎంసీకే వెళ్లాలని రాతపూర్వకంగా అడగండి.

పెద్ద మనవరాలు
పత్రం తీశాను. "స్థిరాస్తిని అమ్ముటకు గాని, కుదువబెట్టుటకు గాని మేజర్ లబ్ధిదారులందరి వ్రాతపూర్వక సమ్మతి ఉండవలెను" అని ఉంది. నాది నేను ఇవ్వలేదు. నాన్నకు చదివి వినిపిస్తే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, అన్నయ్యతో నేనే మాట్లాడతాను అన్నారు. ఆదాయపు పన్ను రిటర్నుల సంగతి ఆడిటర్‌ను అడుగుతున్నాను. రేపు పొద్దున నేనూ నాన్నా సర్కిల్ ఆఫీసుకు వెళ్తున్నాం. లాయర్ గారూ, మాఫీ లేదని వాళ్లు చెబితే పాక్షికంగా కట్టేటప్పుడు ఆ డబ్బు అసలు ఖాతాలోకే వేయమని అడగవచ్చా?

సివిల్ లాయర్
అడగాలి, లిఖితపూర్వకంగానే. ఎక్కువసార్లు ముందు వడ్డీకే జమ వేసుకుంటారు. ఉత్తరం రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర వేయించుకోండి.